లాస్ పిన్యాస్ వెదురు ఆర్గన్

శ్రోతలకు నమస్కారం. పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి వాయించే వాద్యం అనగానే యూరప్ చర్చిల్లో గోడంతా ఆక్రమించుకునే లోహపు గొట్టాలే గుర్తొస్తాయి. కానీ ఫిలిప్పీన్స్‌లో, మనీలాకు దక్షిణాన, లాస్ పిన్యాస్‌లోని సెయింట్ జోసెఫ్ చర్చి ఆర్గన్‌కి 1031 గొట్టాలుంటే అందులో 902 వెదురువే!

దాన్ని తయారుచేసింది స్పెయిన్ నుంచి వచ్చిన ఫాదర్ డియెగో సెరా. 1795లో ఆయన ఆ ఊరికి విచారణ గురువుగా, అంటే అక్కడి చర్చి బాధ్యతలు చూసే ఫాదర్‌గా వచ్చారు. 1816లో ఆర్గన్ పని మొదలుపెట్టారు. వెదురుకి పురుగు పడుతుందని మనందరికీ తెలుసు కదా, అందుకే నరికిన బొంగుల్ని సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించి, నెలల తరబడి అలాగే వదిలేసి, మళ్లీ తవ్వి తీయించి, చెక్కుచెదరకుండా మిగిలినవాటినే ఏరుకున్నారు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

పిల్లనగ్రోవిలా రంధ్రాలు మూసి స్వరం మార్చడం ఇందులో ఉండదు, ఒక్కో గొట్టానికీ ఒకటే స్వరం. తిత్తుల్లోంచి గాలి వస్తుంది, మెట్టు నొక్కితే దానికి సంబంధించిన గొట్టాల్లోకి వెళ్తుంది, గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత మంద్రం. నాకు బాగా నచ్చేది పిట్టల కూత: చిన్న గొట్టాల కొసలు నీళ్లలో మునిగి ఉంటాయి, గాలి తగిలితే అచ్చం పిట్టల గుంపే.

ట్రంపెట్‌లా మోగాల్సిన గొట్టాల దగ్గరికొచ్చేసరికి మాత్రం వెదురు సరిపోలేదు. ఆ కంచు గొంతు దానికి రాదు. అందుకని 129 గొట్టాలు లోహంతో చేయించి, 1824కి పూర్తిచేశారు.

తర్వాత భూకంపాలు, తుపాన్లు. గొట్టాలు దెబ్బతిన్నాయి, ఆర్గన్ చాలాకాలం సరిగ్గా పలకలేదు. చివరికి 1973లో విడదీసి, జర్మనీలోని బాన్‌లో క్లైస్ అనే ఆర్గన్ తయారీ సంస్థకి పంపారు. అక్కడి పొడి చలిగాలికి వెదురు పగులుతుందేమోనన్న టెన్షన్ ఉంటుంది కదా, అందుకే ఫిలిప్పీన్స్‌లో ఉండే వేడి, తేమ ఉండేలా ప్రత్యేకంగా ఒక గది ఏర్పాటుచేసి పనిచేశారు. అంతా లోహంతో మార్చేస్తే సుళువుగా అయిపోయేది, అలా చేయకపోవడమే వాళ్లు చేసిన గొప్ప పని అంటాను నేను.

1975లో ఆర్గన్ తిరిగొస్తే ఊరు ఊరంతా ఊరేగింపుగా తెచ్చుకుంది. 2003లో దాన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. ఏటా ఫిబ్రవరిలో అక్కడ ఆర్గన్ ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో మనీలా వెళ్లే పనిపడితే ఒక సాయంత్రం దానికి కేటాయించండి.