లాంగ్ వీకెండుకి ఎటు పోదాం?

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు కార్యదర్శి గారు వరసగా చదివేశారు. నేనూ మళ్ళీ మొదలుపెడితే వెనక ఫ్లాస్కుల్లో టీ చల్లారిపోతుంది. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను అమెరికాలో తెలుగువాళ్ళ జీవితం గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి మీకేం కొత్త? మీలో సగం మంది పిల్లల దగ్గరికెళ్ళి ఆరేసి నెలలు ఉండి వచ్చినవాళ్ళే. అందుకని నేను అందులో ఒక్క ముక్కే తీసుకుంటాను. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి చోట్లు చూడటానికి పోవడం. ఇదే ఎందుకంటే, ఇందులో నాకో స్వార్థం ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు ఆ సెలవుల సంగతి. మనకున్నన్ని పండగలు వాళ్ళకి లేవు. ఉన్నవాటిలో కొన్నిటిని 1968లో ఏకంగా చట్టం చేసి సోమవారానికి జరుపుకున్నారు. 1971 నుంచి అమలు. మెమోరియల్ డే అంటే మే నెల ఆఖరి సోమవారం. లేబర్ డే సెప్టెంబరు మొదటి సోమవారం, అది అంతకుముందు నుంచే సోమవారం. శని, ఆది, సోమ కలిసొస్తాయి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అయితే చాలా ఆఫీసులు శుక్రవారం కూడా మూసేస్తాయి, నాలుగు రోజులు చేతికొస్తాయి. మనకి పండగ ఆదివారం పడితే "అయ్యో, ఒక సెలవు పోయిందే" అని ఏడుస్తాం కదా, వాళ్ళకి చాలా సెలవులకి ఆ ఏడుపు లేదు. మన వినాయక చవితిని సోమవారానికి జరపమంటే పంచాంగం రాసేవాళ్ళు మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా? పోనివ్వండి.

థాంక్స్‌గివింగుకి అక్కడివాళ్ళు అమ్మానాన్నల ఇళ్ళకి పోతారు. మన అమ్మానాన్నలేమో గాజువాకలోనో గాజులరేగలోనో ఉంటారు. వీధంతా ఖాళీ అయిపోయి, పార్కింగులో మన కార్లే మిగిలేవి. ఇంట్లో కూర్చుంటే దిగులు. అందుకని నాలుగు కుటుంబాలు పోగై, పెద్ద వ్యాను అద్దెకి తీసుకుని ఎటో ఒకటు బయల్దేరేవాళ్ళం. నెల్లూరు ఆవిడ నాకు వదిన, కాకినాడ ఆయన తమ్ముడు, శ్రీకాకుళం అమ్మాయి మరదలు. ఇండియాలో ఉంటే వీళ్ళ గుమ్మం ఎక్కేదాన్ని కూడా కాదు.

ఇక్కడ ఆడవాళ్ళ తరఫున ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మగవాళ్ళు హోటలు బుక్ చేసి, మ్యాపు చూసి, "ప్లానింగ్ అయిపోయింది" అనేవారు. ఏం ప్లానింగ్ బాబూ అది? బుధవారం రాత్రి పన్నెండు దాకా చింతపండు పులుసు ఉడికించిందెవరు? అన్నం పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, పోపు కలిపిందెవరు? పెరుగు ఐసుపెట్టెలో పెట్టడం, గోంగూర డబ్బాకి రెండు కవర్లు తొడగడం, రైస్ కుక్కర్ని పిల్లల దుప్పట్లో చుట్టి వ్యాను వెనక సీటు కింద దాచడం, ఇవన్నీ ఎవరి ప్లానింగు? మోటెల్ గదిలో వంట చేయకూడదని తలుపు వెనకే రాసి ఉండేది. అన్నం వరకూ పరవాలేదు, కుక్కరు గప్‌చుప్‌గా ఉడుకుతుంది. పోపు వేస్తేనే ప్రాణం మీదికొస్తుంది, పొగకి గంట మోగి కిందినుంచి మనిషి వస్తాడు. నెల్లూరు వదిన స్నానాలగదిలో ఫ్యాను వేసి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టి, అక్కడ నిలబడి ఇంగువ పోపు వేసింది. గంట మోగలేదు. వాసన మాత్రం వసారా చివరిదాకా వెళ్ళింది.

ఏం చెబుతున్నాను? ఆఁ, మేం చూడబోయిన ఆ పెద్ద లోయ, గ్రాండ్ కేన్యన్.

మేముండేది ఫీనిక్సులో. అక్కడినుంచి కారులో నాలుగు గంటలకి అటూ ఇటూ. ఫీనిక్సులో నవంబరంటే మన విశాఖ జనవరి లాగుంటుంది, పల్చటి శాలువా చాలు. కేన్యన్ అంచు ఏడువేల అడుగుల ఎత్తు. మేం అదే శాలువాలతో పోయి దిగాం. చెవులు ఉన్నాయో లేవో తెలియలేదు. లోయ గురించి నేను వర్ణించను, మీరంతా ఫొటోల్లో చూశారు. పొడవు 446 కిలోమీటర్లు, లోతు కిలోమీటరున్నర పైన. అడుగున కొలరాడో నది ఉందంటే ఉందనుకోవాలి, మేం నిలబడ్డ చోటికి ఒక ముక్కే కనిపించింది. లోయలో పైకి లేచిన శిఖరాలకి విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టారు. బోర్డు చదివిన వెంటనే నెల్లూరు వదిన చెప్పులు విప్పింది. ఆ చలిలో!

కాకినాడ తమ్ముడి జేబులో ఒక కాగితం. సూర్యోదయం నలభై నిమిషాలు, మ్యూజియం పది, టిఫిను పావుగంట. సాయంత్రానికి లాస్ వేగస్ చేరాలి కదా. ఆ పది నిమిషాల మ్యూజియం బయట ఒక కాలిబాట ఉంది. 2010లో వేశారు, ట్రైల్ ఆఫ్ టైమ్ అంటారు. మీటరుకో కంచు బిళ్ళ నేలలో పాతారు. ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టు. లోయలోని రాళ్ళని తెచ్చి, దేని వయసు దగ్గర దాన్ని బాట పక్కన దిమ్మల మీద నిలబెట్టారు. చేత్తో ముట్టుకోవచ్చు. నేను, శ్రీకాకుళం మరదలు నడుస్తూ పోయాం. బిళ్ళలు వందలు దాటాయి, వెయ్యి దాటింది. విష్ణు షిస్ట్ అనే రాయి దాకా పోయాం. దాని వయసు 170 కోట్ల ఏళ్ళ పైమాట. నల్లగా, చారలు చారలుగా, మంచులో పెట్టిన ఇనుములా చల్లగా ఉంది. దాని మీద చెయ్యి వేసి నిలబడితే మాట రాలేదు. అంతలో వెనకనుంచి కేక, "అక్కయ్యా, టిఫిను టైము కూడా అయిపోయింది!" అని. వ్యాను ఎక్కేసరికి పులిహోర సగం ఖాళీ.

ఇప్పుడు విశాఖకి వద్దాం.

తిరిగొచ్చాక పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నాను. మా నడక గుంపులో జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు ఒకాయన ఉన్నారు. కైలాసగిరిని చూపించి, "ఇది ఖోండలైటు అనే రాయి అమ్మా, సుమారు వంద కోట్ల ఏళ్ళది" అన్నారు, కూరగాయల ధర చెప్పినట్టు. నేను అక్కడే లెక్క వేసుకున్నాను. వంద కోట్ల ఏళ్ళంటే ఆ బాటలో సరిగ్గా వెయ్యో బిళ్ళ. నేను దాటుకుంటూ పోయిన బిళ్ళే. అంత దూరం పోయి, చలిలో వణుకుతూ రాయి ముట్టుకుని వచ్చాను, పుట్టి పెరిగిన ఊళ్ళో రోజూ కనపడే కొండ వయసు నాకెవరూ చెప్పలేదు.

మరి ఎర్రమట్టి దిబ్బలు? ఆ లెక్కలో అవి మొదటి బిళ్ళ కూడా దాటవు, నిన్నటి పిల్లలు. ఒకసారి చేతులెత్తండి. దిబ్బల అంచున కాదు, లోపలికి, వాన నీళ్ళు కోసిన గెడ్డలోకి దిగినవాళ్ళెవరు?

సరే. సినిమా పాటలో చూసినవాళ్ళు? అదిగో, ఇప్పుడు లేచాయి చేతులన్నీ.

భీమిలి రోడ్డు పక్కనే ఉన్నాయి మన దిబ్బలు. ఇసుక రేణువు రేణువుకీ ఇనుము తుప్పు పొరలా పట్టి ఆ ఎరుపు వచ్చింది. వాన నీళ్ళు కోసుకుంటూ పోతే గోడలు నిలబడ్డాయి. ఇటువంటి ఎర్ర ఇసుక మళ్ళీ తమిళనాడు తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉంది. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది. మధ్యలో 2024లో ఏమైందో మీకు తెలుసు. ఆ పక్కనే యంత్రాలు పెట్టి చదును చేస్తున్నారని పేపర్లలో వస్తే కదా పని ఆగింది! నేను వెళ్ళినప్పుడు రోడ్డు మీద టీ కొట్టు ఆవిడ అడిగింది, "ఆ మట్టిలో ఏటుందమ్మా సూడ్డానికి? సినిమావోళ్ళొత్తే మేమూ ఎల్తాం" అని. ఆవిణ్ణి అనడానికేం లేదు. చెప్పే మనిషి అక్కడ ఉంటే కదా ఆవిడకి తెలిసేది! కేన్యన్‌లో టోపీ పెట్టుకున్న రేంజరు ఒకమ్మాయి చిన్నపిల్లలకి రాయి చేతికిచ్చి కథలా చెప్పేది.

ఇప్పుడు లాంగ్ వీకెండ్ మనకీ వచ్చింది. శుక్రవారం సెలవు పడితే చాలు, హైదరాబాదు నుంచి రైళ్ళు నిండిపోతాయి. అరకు ఘాట్‌లో కారు వెనక కారు, బొర్రా గుహల్లో మనిషి వెనక మనిషి. మన ఇంటికొచ్చిన చుట్టాలకి మనం ఏం చూపిస్తున్నాం? ఆర్కే బీచ్, కుర్సురా, కైలాసగిరి, అరకు. కుర్సురా వద్దనడం లేదు నేను, 1969 నుంచి 2001 దాకా సముద్రంలో పనిచేసిన జలాంతర్గామి, తప్పకుండా చూపించండి. కానీ తొట్లకొండ? బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి నీళ్ళ తొట్లు చేసుకున్న కొండ, ఎదురుగా సముద్రం. అలాంటి బౌద్ధ క్షేత్రాలే బావికొండ? అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ? "ఎండమ్మా, అక్కడేం ఉండదు" అని మనమే వాళ్ళని ఆపేస్తున్నాం. ఆ మాట నేను మా మేనకోడలి నోట విన్నాను, కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు.

అక్కడ మేం ఎందుకు పోగలిగాం? డబ్బుండి కాదు, చుట్టాలు లేక. సెలవొస్తే ఒకరికొకరం తప్ప దిక్కు లేదు కాబట్టి కలిశాం. ఇక్కడ మన సెలవులన్నీ ఫంక్షన్లకే పోతాయి. గృహప్రవేశం, బారసాల, పదకొండో రోజు. పోకపోతే మాట వస్తుంది. ఎర్రమట్టి దిబ్బలకి పోకపోతే ఎవరూ ఏమీ అనరు.

అందుకే నా స్వార్థం ఇప్పుడు బయటపెడుతున్నాను. నాకు తోడు కావాలి. వచ్చే రెండో శనివారం పొద్దున్న ఆరింటికి ఈ హాలు ముందు కలుద్దాం. భీమిలి బస్సు ఎక్కి ముందు దిబ్బలు, ఎండెక్కకముందే తిరిగొస్తూ తొట్లకొండ. జియాలజీ మేష్టారు వస్తానన్నారు, కానీ మోకాళ్ళ నొప్పి, కాబట్టి కుర్రాళ్ళెవరైనా ఆయన పక్కనుండాలి. బూట్లు వేసుకోండి, చెప్పులతో గెడ్డలోకి దిగితే జారతారు. నీళ్ళు ఎవరివి వాళ్ళే. రంగుల మట్టి సీసాల్లో నింపుకుని తేవద్దు, మనవలకి చూపిస్తామన్నా సరే, మనవల్నే తీసుకురండి. దిబ్బల్లో మరుగుదొడ్డి ఉంటుందని నమ్ముకోకండి, ఆడవాళ్ళు అది దృష్టిలో పెట్టుకుని టీ తాగండి. పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించండి. మగవాళ్ళు పేరు పక్కన పులిహోరా, దద్దోజనమా అన్నది కూడా రాయాలి. శుక్రవారం రాత్రి ఎవరి భార్య దగ్గరనుంచైనా నాకు ఫోనొచ్చిందంటే ఆ పేరు కొట్టేస్తాను.