పొదుగు కుండ

శ్రోతలందరికీ నమస్కారం.

మీ వీధిలో ఎవరో ఒకరి బాల్కనీలో చూసే ఉంటారు. ఓ వైరు పంజరం, అందులో అరచేతిలో ఇమిడే చిన్న చిన్న చిలకలు, ఆకుపచ్చవి, నీలంవి, పసుపువి. పంజరం మూల ఓ బుల్లి మట్టికుండ. మనవైపు వాటిని లవ్ బర్డ్స్ అంటాం. అమ్మేవాడూ అదే అంటాడు, కొనేవాడూ అదే అంటాడు. అసలు లవ్ బర్డ్స్ వేరే ఉన్నాయి, అవి ఆఫ్రికావి, తోక పొట్టి. మన బాల్కనీల్లోవి బడ్జరిగర్లు, ముద్దుగా బడ్జీలు. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి ఊరూరికీ పాకాయి.

చిలకను పంజరంలో పెట్టడం నేరం కదండీ అని అడుగుతుంటారు. రామచిలుక సంగతి వేరు. అది మన అడవి పక్షి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో బంధించకూడదు. బడ్జీ మన అడవిలో పుట్టింది కాదు, తరతరాలుగా పంజరాల్లోనే పెరుగుతోంది, కాబట్టి దానికి ఆ నిషేధం లేదు. పోనీలే పాపం అని తలుపు తీసి వదిలేశారనుకోండి, సాయంత్రంలోగా కాకులు తన్నుకుపోతాయి.

మా ఇంటికి మొదటి జతను మా అబ్బాయి తెచ్చాడు. "ఇది ఆడది, ఇది మగది, నెల తిరక్కుండా గుడ్లు పెడతాయి" అని దుకాణం అతను చెప్పి పంపాడట. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునేవి. ఒకదాని నోట్లో ఒకటి మేత పెట్టుకునేవి. మా అత్తగారు చూసి, "ఎంత అన్యోన్యంగా ఉన్నాయే అమ్మాయ్" అని మురిసిపోయేవారు. కుండ కట్టాం. మూడు నెలలు చూశాం. గుడ్డు లేదు. ఈలోగా రెండింటి ముక్కు మీదా చక్కటి నీలం రంగు తేలింది. రెండూ మగవే!

బడ్జీకి ముక్కుపుటాలుండే చోట మైనం అద్దినట్టు కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఎదిగిన మగదానికి అది నీలం. ఆడదానికి వెలిసిపోయిన తెలుపో, గోధుమరంగో. గుడ్లు పెట్టే సమయానికి ముదురు గోధుమరంగుకు తిరిగి, బెల్లం చెక్కులా గరుకెక్కుతుంది. పిల్లలకు మాత్రం ఆడా మగా తేడా లేకుండా గులాబీ రంగే. తెల్లటి, పసుపుపచ్చటి రకాల్లో కొన్ని మగవాటికి పెద్దయినా ఆ గులాబీ పోదు. దుకాణంలో మాకు అమ్మింది లేత పిల్లల్ని. అతనికీ తెలిసి ఉండదు. మగపిట్టలు రెండు జతకట్టినా అంత ముద్దుగానే తినిపించుకుంటాయని అప్పుడు తెలిసింది మాకు.

ఒకదాన్ని మా చెల్లెలింటికి ఇచ్చి, ఏడాది నిండిన పెట్టను తెచ్చుకున్నాం. ఏడాది అనే మాట కాస్త గుర్తుంచుకోండి. మరీ లేత పెట్టకు, ఒంట్లో సున్నం చాలని పెట్టకు, గుడ్డు బయటికి రాక లోపలే ఇరుక్కుంటుంది. ఒళ్ళు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని ముక్కుతుంటే, రేపు చూద్దాంలే అనుకోకుండా వెచ్చగా ఉంచి పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. అందుకే పంజరంలో సముద్రపు నురుగు ముక్క కట్టి ఉంచుతాం. నురుగంటే నురుగు కాదు, కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి బొమిక. పెట్ట దాన్ని కొరుక్కుని గుడ్డుపెంకుకు కావలసిన సున్నం కూడబెట్టుకుంటుంది.

ఇక మేత. కొర్రలు, సామలు, కాసిని సజ్జలు. కొర్ర కంకి దొరికితే అలాగే వేలాడదీస్తాం, తలకిందులుగా వేలాడి మరీ తింటాయి. షుగరు వచ్చాక మా ఆయనా కొర్రలకే మళ్ళారు. ఇప్పుడు ఇంట్లో ఒకే డబ్బా! వారానికి రెండుసార్లు ఉడికించిన కోడిగుడ్డు చిదిమి పెడతాం, తోటకూర, కొత్తిమీర, మునగాకు కడిగి పెడతాం. ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. పంజరం వంటింటి పక్కన పెట్టకండి. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడితే వచ్చే ఆవిరి మనకు దగ్గు తెప్పిస్తుందేమో గాని, పిట్ట ప్రాణం నిమిషాల్లో తీస్తుంది.

ఇప్పుడు కుండ సంగతి. ఈ పిట్ట గూడు అల్లదు. పుల్ల తేదు, పీచు తేదు. ఆస్ట్రేలియా నడిమి ఎండుభూముల్లో వాన పడ్డాక గడ్డి మొలిచి గింజ పట్టిన చోటికి గుంపులు గుంపులుగా ఎగిరొచ్చి, చెట్టు తొర్రలో చొరబడి ఉత్త చెక్క మీదే గుడ్లు పెడుతుంది. తొర్ర కనబడాలి, గింజ దొరకాలి, అంతే. మన కుండే దానికి తొర్ర. మన డబ్బాలో కొర్రలకు కరువు లేదు కాబట్టి దానికి ఏడాది పొడుగునా వానాకాలమే. కుండ కట్టే ఉంచితే ఒక కాపు మీద ఇంకో కాపు, ఒళ్ళు గుల్లయ్యేదాకా పెడుతూనే ఉంటుంది. ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే ఎండ దానికి లేదు. కుండ కట్టడం, కుండ దించడం, మన చేతిలో ఉన్న పనులు నిజానికి ఈ రెండే.

మేం దసరా వెళ్ళాక కట్టాం. ఎండలు ముదిరాక కట్టకూడదు, రోహిణి కార్తెలో కుండ లోపల గుడ్డు ఉడికినంత పనవుతుంది. అడుగున గుప్పెడు చెక్కపొట్టు పోశాం. నున్నటి అడుగైతే పిల్లల కాళ్ళు జారి, పక్కలకు చాపుకుపోయి, అలాగే వంకర తిరిగిపోతాయి.

పెట్ట ముందు తల దూర్చి చూసింది. వెళ్ళి వచ్చింది. రెండో రోజు లోపలికెళ్ళి పొట్టు సగం కిందికి తోసేసింది. పదిరోజులకు ఓ సోమవారం పొద్దున మొదటి గుడ్డు. తెల్లగా, బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదిగా, పావుకాసు బరువు ఉంటుందేమో. నేను అతిశయోక్తి చెప్పడం లేదు, కాసంటే 8 గ్రాములు, ఈ గుడ్డు 2 గ్రాములు. కోడిలా ఇది రోజూ పెట్టదు, రోజు విడిచి రోజు పెడుతుంది. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. అలా పదకొండు రోజుల్లో 6 గుడ్లు.

పొదిగేది పెట్ట ఒక్కతే. మగది కుండ మూతి దగ్గర కాపలా. తల పైకీ కిందికీ ఆడించి, తిన్న గింజను కక్కి, పెట్ట నోటికి అందిస్తుంది. పెట్ట రోజుకు రెండు మూడుసార్లు బయటికొచ్చేది, ఆ వచ్చినప్పుడు ఒక్కసారే చింతగింజంత రెట్ట వేసేది. మామూలప్పుడు వేసేది మినపగింజంత. గుడ్ల మీద మైల పడకూడదని గంటల తరబడి ఆపుకుంటుందన్నమాట. మా అత్తగారు ముక్కు మూసుకుని, "బాలింత దగ్గర ఈ మాత్రం వాసన ఉండదా" అనేవారు.

మా అత్తగారు కోనసీమలో గంపల కింద కోళ్ళను పొదగేసిన మనిషి. ఆవిడ లెక్క ఇరవై ఒక్క రోజులు. నేను చదివిన లెక్క పద్దెనిమిది. "చిన్న గుడ్డు, తొందరగా అవుతుందిలే" అని ఒప్పుకున్నారు గాని, చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ పొదగదని నన్ను కుండ దగ్గరికే రానిచ్చేవారు కాదు. అది మాత్రం నిజం కాదండీ. ముట్టుకున్నంత మాత్రాన వదిలెయ్యదు. అస్తమానం వేలు పెట్టి బెదరగొడితే వదిలేస్తుంది. పెట్ట మేతకు వచ్చినప్పుడు చేతులు శుభ్రంగా కడుక్కుని ఒక్కో గుడ్డునూ సెల్‌ఫోన్ టార్చి మీద పెట్టి చూశాను. పొదుగు మొదలైన అయిదారు రోజులకు లోపల ఎర్రటి దారాలు కనిపిస్తాయి. నడుమ ఓ చుక్క, చుట్టూ సాలెగూడులా నెత్తుటి గీతలు. చూస్తుండగా ఆ చుక్క కొట్టుకుంది. "అత్తయ్యగారూ, ఇలా రండి" అని పిలిచాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసి, మేం లాంతరు దగ్గర చూసేవాళ్ళం, ఇంత బాగా కనబడేది కాదు అన్నారు. ఆ తర్వాత చెయ్యి తగలకూడదనే మాట ఎత్తలేదు. ఆరో గుడ్డులో మాత్రం దారాల్లేవు. పచ్చగా, ఖాళీగా వెలిగింది.

నేను చేసిన మొదటి తప్పు లెక్కలో. సోమవారం మొదలుపెట్టి పద్దెనిమిది లెక్కపెట్టాను. ఆ రోజు వచ్చింది, ఏమీ కాలేదు. మర్నాడూ లేదు. ఇల్లంతా దిగాలు. అసలు సంగతేమిటంటే, మా పెట్ట మొదటి గుడ్డు మీద సరిగ్గా కూర్చోలేదు, రెండోది పెట్టాక గాని పొదుగు పట్టలేదు. గుడ్డు పెట్టిన రోజు కాదు, వెచ్చదనం తగిలిన రోజు నుంచి లెక్క. అదీ కచ్చితంగా పద్దెనిమిదే అని కాదు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.

ఇరవై ఒకటో రోజు రాత్రి వీధి సద్దుమణిగాక కుండకు చెవి ఆనించాను. గీచ్... గీచ్... అని, గోటితో అట్టముక్క గీకినట్టు. పిల్ల గుడ్డులో ఉండగానే కూస్తుంది. ముక్కు కొసన చిన్న బొడిపె ఉంటుంది, దానితో ముందు పెంకుకు ఓ చిల్లు పెడుతుంది. తర్వాత గుడ్డులోనే చుట్టూ తిరుగుతూ, లావుపాటి వైపు గుండ్రంగా గంటు పెట్టుకుంటూ పోయి, చివరికి కాళ్ళతో తన్ని టోపీ ఊడదీసినట్టు ఊడదీస్తుంది. తెల్లారేసరికి రెండు పిల్లలు. రెండు రోజులాగి మూడోది.

నాలుగో గుడ్డు దగ్గర రెండో తప్పు. పెంకుకు చిల్లు పడింది, కూత వినబడుతోంది, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్క పిసరు కదలిక లేదు. నాకు ఆగబుద్ధి కాలేదు. సూది తీసుకుని చిల్లు పక్క పెంకు కొంచెం వొలిచాను. లోపలి పొర మీద నెత్తురు చెమ్మగా కనబడింది. అప్పటికి ఆగాల్సింది, ఇంకొంచెం వొలిచాను. పిల్ల బయటికొచ్చింది, కడుపు దగ్గర పచ్చసొన ఇంకా వేలాడుతోంది. గంటసేపు బతికింది. గుడ్డులో అది కదలకుండా పడుకున్నది అలసిపోయి కాదు. పెంకు లోపలి నరాల్లోని నెత్తుటినీ, మిగిలిన సొననూ కడుపులోకి లాక్కుంటోంది. ఒకరోజు పట్టే పని అది. నేను నడుమ దూరాను. దాన్ని మందారం మొదట్లో పాతిపెట్టాం. మా అత్తగారు ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. సూదిని మాత్రం డబ్బాలో పెట్టి పైఅరలో దాచారు.

అయిదో గుడ్డు పిగిలేటప్పుడు నేను బజారుకు వెళ్ళిపోయాను, కావాలనే. వచ్చేసరికి పిల్ల ఉంది.

పుట్టినప్పుడు చూస్తే పిట్టపిల్ల అని ఎవరూ అనరు. ఒంటి మీద నూగైనా లేదు, కళ్ళు మూసుకుపోయి, తల బరువు మెడ ఆపలేక ముందుకు వాలిపోతుంది. తల్లి దాన్ని వెల్లకిలా తిప్పి నోట్లో పల్చటి పాలలాంటిది పోస్తుంది. గొంతు కింద మేత సంచి పల్చటి చర్మంలోంచి కనబడుతుంది. అది నిండుగా ఉందా లేదా అన్నదొక్కటే మనం చూసుకోవలసింది. పెద్దపిల్లకూ చిన్నపిల్లకూ ఆరు రోజుల తేడా, ఆ వయసులో ఆరు రోజులంటే మూడింతల ఒళ్ళు. చిన్నది నలిగిపోతుందేమోనని భయం. మాది బతికింది, అందరివీ బతకవు. చీమలు పట్టకుండా స్టాండు కాళ్ళ కింద మామిడిపళ్ళ గంపకు పెట్టినట్టు నీళ్ళ గిన్నెలు పెట్టాం.

పది రోజులకు కళ్ళు తెరిచాయి. రెండు వారాలకు ఒళ్ళంతా ముళ్ళు పొడుచుకొచ్చినట్టు ఈకలు. అప్పుడు బయటపడింది, మూడు ఆకుపచ్చవి, చిన్నది నీలం! తల్లీ తండ్రీ ఆకుపచ్చే. "ఇదెవరి పోలికే?" అన్నారు అత్తగారు, గొంతులో కాస్త అనుమానంతో. తల్లి తప్పేం లేదు. ఈ పిట్టల ఈకల్లో నీలం వెలుగు, పైన పసుపు కలిసి ఆకుపచ్చగా కనిపిస్తాయి. పసుపు లేకుండా పుడితే నీలమే మిగులుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ గుణం దాగి ఉంటే, నాలుగింట ఒకటి వంతున అలా పుట్టొచ్చు. అడవిలో ఉన్నవి ఆకుపచ్చవే. నీలంవి 1880 ప్రాంతంలో బెల్జియంలో పెంచేవాళ్ళ దగ్గర మొదట కనబడ్డాయి.

అయిదో వారంలో ఒక్కొక్కటే కుండ మూతి మీదికి వచ్చి, కిందికి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి, చివరికి దూకాయి. చిన్నది అందరికంటే చివర. ఆ సాయంత్రమే పెట్ట మళ్ళీ కుండలో దూరి పొట్టు తోయడం మొదలెట్టింది. ఇంకో కాపుకు సిద్ధం. మేం మాత్రం మర్నాడు కుండ దించేశాం. కడిగి, ఎండలో బోర్లించాం. ఏడాదికి రెండు కాపులకు మించి మేం తీయించం.

పెట్ట రెండు రోజులు ఆ మూల తీగ పట్టుకుని, కుండ మూతి ఉండాల్సిన చోటికి తల వంచి చూసింది. మూడో రోజు కొర్ర కంకి దగ్గర పిల్లలతో కొట్లాడుతూ కనబడింది.

సెలవు.