కుండీ ఎంతో కొమ్మ అంత

అందరికీ నమస్కారం. బల్ల మీద ఈ మల్లె కుండీ ఎందుకుందా అని చూస్తున్నట్టున్నారు. ఇది మా డాబా మీదది. 12 అంగుళాల మట్టి కుండీ, నాలుగేళ్ల మొక్క. పోయిన వేసవిలో దేవుడి పటానికి సరిపడా కూడా పూయలేదు. మాట్లాడుతూనే దీన్ని కత్తిరిస్తాను. నేను ఉద్యాన శాస్త్రం చదువుకోలేదు. హైదరాబాద్‌లో 14 ఏళ్లుగా డాబా మీద మొక్కలు పెంచుతూ, వాటిలో కొన్నింటిని చంపుతూ నేర్చుకున్నాను.

పచ్చటి కొమ్మ మీద కత్తెర పెట్టడానికి మనకు చెయ్యి రాదు. నేల మీది చెట్టయితే ఆ మొహమాటం కొంత చెల్లుతుంది, దాని వేళ్లకు అడ్డులేదు. ఈ కుండీలో పట్టేది 15, 20 లీటర్ల మట్టి. ఆ మట్టిలో వేళ్లు ఎన్ని నీళ్లు తోడగలవో అంత ఆకునే మొక్క మోయగలదు. పైన గుబురు పెరిగిపోతే ఏప్రిల్ మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. నీళ్లు చాలలేదని మనం సాయంత్రం ఇంకో బకెట్ పోస్తాం.

కత్తిరించే చోటు చూడండి. ఇది కణుపు. ఈ ఆకు తొడిమ మొదట్లో బియ్యపు గింజంత ఉబ్బుంది కదా, అదే కన్ను. కొమ్మ చివరి మొగ్గ ఆక్సిన్ అనే హార్మోన్‌ను కిందికి పంపుతూ ఈ కళ్లను లేవనివ్వదు. చివర తీసేస్తే రెండు మూడు కళ్లు ఒకేసారి మేలుకుంటాయి. మల్లె పూసేది కొత్త చిగురుకే కాబట్టి ఎన్ని చిగుళ్లొస్తే అన్ని పూల గుత్తులు. కంటికి పావంగుళం పైన కోస్తున్నాను. ఇంకా పైన కోస్తే ఆ మోడు ఎండి కిందికి పాకుతుంది, మరీ దగ్గరగా కోస్తే కన్నే ఎండిపోతుంది. బయటి వైపు చూసే కంటి మీద కోస్తే కొత్త కొమ్మ బయటికి పోతుంది, దుబ్బు మధ్యలోకి గాలీ వెలుతురూ దిగుతాయి. మల్లెకు కళ్లు జతలుగా వస్తాయి, లోపలికి చూసేదాన్ని గోటితో గిల్లేయండి. తోటల్లో రైతులు నవంబర్ చివరి నుంచి మూరెడు ఎత్తులో కోసేస్తారు. కుండీలో జానెడున్నర చాలు. కత్తెరను ముందు స్పిరిట్‌తో తుడవండి.

చిన్నప్పుడు మా ఊళ్లో అమ్మ సంక్రాంతి ముందు మల్లెపొదకు నీళ్లు ఆపేసేది. ఆకు వాడు ముఖం పట్టాక దూసేసి, కొమ్మలు కోసి, పాదు తవ్వి, పెంట ఎరువు వేసి అప్పుడు నీళ్లు పెట్టేది. మార్చికల్లా ఇల్లంతా వాసన. నేనూ అలాగే చేయబోయి కుండీకి నెల రోజులు నీళ్లు ఆపాను. మొక్క కట్టెపుల్లయిపోయింది. అమ్మ మల్లె వేళ్లు లోతుకు పోయి తడి వెతుక్కున్నాయి, నా కుండీలోవి ఎక్కడికి పోతాయి? ఇప్పుడు 10, 12 రోజులు నీళ్లు తగ్గిస్తాను, మట్టిని మాత్రం పూర్తిగా ఆరనివ్వను. కోశాక ఇంకో పొరపాటు చేస్తాం. ఆకు లేని మొక్క తాగే నీళ్లు తక్కువ. పాత లెక్కనే రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది. చిగురు కనిపించేదాకా మట్టిలో వేలు పెట్టి చూసి పోయండి.

అన్ని పొదలకూ ఇదే కాలం అనుకోకండి. గులాబీకి మన దగ్గర అక్టోబర్, కోసిన ఆరేడు వారాలకు పూలొస్తాయి. గులాబీలో అంటు కింద నుంచి లేచే పిలకను మాత్రం మొదట్లోనే లాగేయండి. అది అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కది, మీరు కొన్న రకం కాదు. బలంగా ఉంది కదా అని మురిసిపోతే రెండేళ్లకు అదే మిగులుతుంది. మందారానికి తొలకరి మంచి సమయం. పిండినల్లి పట్టిన కొసలు కోస్తే కవర్లో కట్టి పారేయండి. మూల పడేస్తే చీమలు ఆ పురుగుల్ని మళ్లీ పైకి మోసుకొస్తాయి.

గంధరాజం సంగతి వేరు. నేను దాన్నీ మల్లెతో పాటు జనవరిలో కోసేశాను. మొక్క కళకళలాడింది గానీ ఆ ఏడాది ఒక్క పువ్వు లేదు. అది పూసేది ముందు ఏడాది ఎదిగిన కొమ్మకే, ఆ కొమ్మల్నే నేను చెత్తబుట్టలో వేశాను. దాన్ని పూత అయిపోగానే కోయాలి. మీ మొక్క పేరు తెలియకపోతే ఒక ఏడాది ఊరికే గమనించండి, పువ్వు కొత్త చిగురుకు వస్తోందా, పాత కొమ్మకా అని. నూరువరహాల ఆకు పసుపై ఈనెలు పచ్చగానే ఉంటే దానికి కత్తెరతో పని లేదు. మన బోరు నీళ్ల సున్నానికి మట్టిలోని ఇనుము మొక్కకు అందడం లేదు. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో చూడండి. వాన నీళ్లు పట్టి పోయండి.

ఇప్పుడు కింది సగం. కుండీ పడుకోబెట్టి తడుతున్నాను... వచ్చేసింది. చూశారా, వేళ్లు జడ అల్లినట్టు గుండ్రంగా తిరిగాయి. మధ్యలో ఈ నల్లటి ముద్ద నర్సరీ నుంచి దాంతో వచ్చిందే. కడియం వైపు నుంచి వచ్చే మొక్కల్లో చాలావాటికి ఇలా జిగురు ఒండ్రు మట్టి ఉంటుంది. లారీలో దూరం పోవడానికి అది మంచిదే. చుట్టూ మనం గుల్లగా కొబ్బరి పొట్టు నింపితే పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. నాలుగేళ్లు రోజూ నీళ్లు పోశాను, అయినా నడిమధ్య ఎండే! కొత్త మొక్క తెచ్చిన రోజే ఆ ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టి కొంత వదలగొట్టండి. దీనికైతే చుట్టూ అంగుళం మందాన చాకుతో వేళ్లు కోసి, కొత్త మట్టి, పశువుల ఎరువు నింపి అదే కుండీలో పెడతాను. రెండేళ్లకోసారి చాలు. ఎండాకాలంలో వద్దు. అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా పోతాయంటారు. అదీ తప్పే, తడి నిలిచే పొర రాళ్ల మీదికి, అంటే వేళ్ల దగ్గరికి జరుగుతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క వేయండి.

ఎత్తు మడుల గురించి, అంటే చుట్టూ అంచులు కట్టి మట్టి నింపే పెద్ద తొట్టెల గురించి, మీలో కొందరు అడిగారు. మడిలో వేళ్లకు చోటెక్కువ, నీళ్ల టెన్షన్ తక్కువ. కానీ కట్టే ముందు బరువు చూసుకోండి. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు మడిలో తడి మట్టి 5 క్వింటాళ్లు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు మామూలుగా వేసుకునే లెక్క చదరపు మీటరుకు 150 కిలోలు, అంటే ఆ చోటుకు 170 కిలోలు కూడా లేదు. సగానికి పైగా కొబ్బరి పొట్టూ కంపోస్టూ కలిపినా ఆ లెక్కలోకి రాదు. అందుకే మడిని శ్లాబు నడుమ పెట్టకండి. కింద గోడో బీమో ఉన్న చోట, ఇంజనీరుకు చూపించాకే, కాళ్ల మీద నిలబెట్టండి. కింద చీపురు దూరేంత సందుంటే నీటి చెమ్మ కూడా కనిపెట్టొచ్చు. ఇంకొకటి, మడిలో మల్లె పక్కన కరివేపాకు పెట్టకండి. వేళ్ల నుంచి పిలకలు లేపి రెండేళ్లలో మడంతా తనదే చేసుకుంటుంది. దానికి విడిగా ఒక తొట్టె ఇవ్వండి. నడుమెత్తు రాగానే కొస తుంచుతూ, పూత వస్తే గిల్లుతూ ఉంటే ఆకు గుబురుగా వస్తుంది.

మల్లె పనైపోయింది. ఈ కోసిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి పక్కన పెట్టాను, ఒక్కోదానికి మూడు కణుపులు. వానాకాలమైతే తేలిగ్గా వేళ్లు పట్టేవి, ఈ చలికి సగం పట్టకపోవచ్చు. కావలసినవాళ్లు తీసుకెళ్లండి. రెండు కణుపులు ఇసుకలో, ఒకటి పైకి. ఆ మూల గులాబీ కుండీ పట్టుకుని కూర్చున్న అమ్మగారూ, దాన్ని ఇలా తీసుకురండి, అంటు ఎక్కడుందో చూద్దాం.