‘వేసుకుంటున్నానండి’ అన్న తర్వాత ఏం అడగాలి?
(హౌస్ సర్జన్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మెడిసిన్ ఓపీలో రోజూ వినబడే మాటతో మొదలుపెడదాం. “షుగర్ మాత్రలు వేసుకుంటున్నారామ్మా?” అని అడుగుతాం. “వేసుకుంటున్నానండి” అంటుంది. రిపోర్టులో షుగర్ 280 ఉంది. మోతాదు పెంచి రాసేస్తాం, తర్వాతి చీటీ అందుకుంటాం.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నెలలో సగం రోజులు వేసుకున్నా ఆవిడ లెక్కలో వేసుకుంటున్నట్టే. పైగా డాక్టరుగారు అడిగితే ‘లేదు’ అనడానికి మనవాళ్లకు మహా మొహమాటం. అందుకే అలవాటు గురించి అడిగితే వచ్చే జవాబుకు విలువ తక్కువ. ఆఖరిసారి ఏం జరిగిందో అడగండి. “నిన్న రాత్రి ఏ మాత్ర వేసుకున్నారు? అన్నానికి ముందా, తిన్నాకా?” ఆ తర్వాత, “ఇంట్లో ఇంకా ఎన్ని మిగిలాయి?”

ఈ మూడో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. రోజుకు రెండు చొప్పున నెలకు 60 మాత్రలు ఇచ్చాం. 25వ రోజుకు 10 మిగలాలి. 35 మిగిలాయంటే సగటున రోజుకు ఒకటే పడుతోంది. అప్పుడు “ఏ పూట తప్పుతోందమ్మా?” అని అడగండి. “ఎందుకు మానేశారు?” అనకండి. అది తిట్టులా వినబడుతుంది, వెంటనే “లేదండి, వేసుకుంటున్నా” అన్న మొదటి మాటకే వెళ్లిపోతారు. ఏ పూట అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది: తెల్లారకముందే కూలికి పోతుంది, పరగడుపున వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని పొద్దుటిది వదిలేస్తోంది. ఇది తెలియకుండా గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మోతాదు పెంచితే, మీ మాట విని రెండు పూటలా వేసుకున్న రోజున షుగర్ పడిపోయి చేలోనే కూలబడుతుంది. శనివారం ఒక్కపొద్దు ఉంటారా, ఆ రోజు మాత్ర సంగతేమిటి అన్నది కూడా ఇక్కడే అడగాలి.

బీపీ ఉన్నవాళ్లతో ఉప్పు మాట కూడా ఇంతే. “తగ్గించారా?” అంటే “బాగా తగ్గించామండి” అనే వస్తుంది. “కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది? తినేవాళ్లు ఎంతమంది?” అనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. నలుగురికి 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. నెల తిరక్కముందే అయిపోతోందంటే తగ్గింది మాటల్లోనే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లోని ఉప్పు ఈ లెక్కలోకి రాదు, దాన్ని విడిగా అడగాలి.

ఇక ‘గ్యాస్’. ఈ ఒక్క మాట వెనక పులితేన్పుల నుంచి గుండెపోటు దాకా ఏదైనా ఉండొచ్చు. ఇక్కడ మన మాట మనం తేకూడదు. “నొప్పి ఎడమ చేతిలోకి లాగుతోందా?” అంటే సగం మంది అవుననేస్తారు. వాళ్ల మాటనే పట్టుకోండి. “గ్యాస్ అన్నారు కదా, ఎక్కడ పట్టేస్తోందో చూపించండి.” వేలితో ఒక్క చోట పొడిచి చూపించడం వేరు, పిడికిలి రొమ్ము మధ్య ఆనించడం వేరు. అయితే వేలితో చూపించారని గుండె కాదని తేల్చేయకండి. “ఏం చేస్తుండగా పట్టింది? అప్పుడు మీరేం చేశారు? తర్వాత ఏమైంది?” మెట్లెక్కితే పట్టి, కూర్చుంటే వదిలేసిందని వాళ్లంతట వాళ్లే చెప్తే ఆ జవాబుకు బరువుంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవయసువాళ్లలో నొప్పి లేకుండా చెమట, ఆయాసం మాత్రమే ఉండొచ్చు. అనుమానం తగిలితే ముందు ఈసీజీ పది నిమిషాల్లోపు తీయించండి, మిగతా ప్రశ్నలు తీస్తుండగా అడగొచ్చు.

ఎక్కువగా చెడేది మూడు ప్రశ్నలు ఒకేసారి అడిగినప్పుడు. “జ్వరం, దగ్గు, ఆయాసం ఏమన్నా ఉన్నాయా?” “లేవండి.” ఆ ‘లేవు’ ఆయాసానికి మాత్రమే కావచ్చు, మీరు మూడింటికీ రాసేస్తారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష పంపాల్సింది, ఇక్కడే జారిపోతుంది.

పక్కన కొడుకో కోడలో ఉండి పెద్దావిడ తరఫున జవాబు చెప్పేస్తుంటారు. వాళ్లను కసరొద్దు, వాళ్లు చెప్పేదీ కావాలి. విని, ముసలావిడ వైపు తిరిగి అదే ప్రశ్న వేయండి: “అబ్బాయి ఇలా అంటున్నాడు, నీకెలా ఉందమ్మా?” అని. తర్వాత నోరు మెదపకుండా ఆగండి. అయిదు సెకన్లు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఆవిడకు అవి మాట కూడదీసుకునే సమయం.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చూపించుకున్న సంగతి కూడా నిలదీస్తే రాదు. “ఇక్కడికి వచ్చేలోపు ఏ సూది, ఏ మాత్ర పడింది? ఖాళీ స్ట్రిప్ ఉందా?” అనండి. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర మింగారని తేలితే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో వెతికే దారి మారుతుంది.

ఓపీలో వందమంది నిలబడి ఉంటే ఇవన్నీ అయ్యే పనేనా అంటారు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు గమనించినప్పుడు డాక్టర్లు సగటున 18 సెకన్లకే రోగి మాటకు అడ్డుపడ్డారు. 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అడ్డుపడకుండా వింటే రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ఆపేశారు. అడ్డుపడి మనం మిగుల్చుకునేది నిమిషం పైచిలుకు, అంతే. అయినా ప్రతి జవాబునూ తవ్వక్కర్లేదు. ఈ జవాబు మారితే నా మందు మారుతుందా? మారుతుందనిపిస్తే అడగండి, లేకపోతే వదిలేయండి.

చీటీ చేతికిచ్చేటప్పుడు “ఇంకేం లేవుగా?” అనడం మానండి. అది తలుపు వేసే మాట. “ఇంకా ఏం బాధలున్నాయి?” అని, పెన్ను పక్కనబెట్టి, చీటీ ఇవ్వకముందే అడగాలి. 2007లో హెరిటేజ్ అనే పరిశోధకుడి బృందం ఇంగ్లీషులో ‘ఎనీథింగ్ ఎల్స్’ బదులు ‘సంథింగ్ ఎల్స్’ అని ఒక్క మాట మార్చి చూస్తే, చెప్పకుండా మిగిలిపోయే బాధలు 78 శాతం తగ్గాయి.

ఇప్పుడు ముగ్గురేసి కూర్చోండి. ఒకరు పేషెంటు, ఒకరు డాక్టరు. మూడోవారు కాగితం మీద రెండే గీయాలి: అవును, కాదుతో తెగిపోయిన ప్రశ్నకు అడ్డగీత, పేషెంటు అన్న మాటనే పట్టుకుని వేసిన ప్రశ్నకు నిలువుగీత. అయిదు నిమిషాలయ్యాక పాత్రలు మార్చుకోండి. మొదటి ఫిర్యాదు ‘నీరసం’.