కెమెరా ఒడ్డుకి దిగిన రోజు: ఇనుయిట్ వాళ్ల సినిమా కథ

హాయ్ అండి అందరికీ. ముందు ఒక ఇగ్లూ, అంటే మంచుతో కట్టిన ఇల్లు, గురించి చెప్తా వినండి.

1922లో "నానూక్ ఆఫ్ ద నార్త్" అని ఒక సైలెంట్ సినిమా వచ్చింది, కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇనుయిట్ ప్రజల మీద రాబర్ట్ ఫ్లాహర్టీ తీసింది. డాక్యుమెంటరీల చరిత్ర అంటే ఇప్పటికీ దీని పేరే ముందు వస్తుంది. అందులో ఒక ఫ్యామిలీ ఇగ్లూలో పడుకుని లేచే సీన్ ఉంటుంది, కానీ అప్పటి కెమెరాకి లోపలి వెలుతురు సరిపోదు కదా, అందుకని ఒక పక్క గోడే లేని ఇగ్లూలో తీశారు. అంటే ఆ చలిలో వాళ్లు మనకోసం ఆరుబయట నిద్ర నటించారన్నమాట! హీరో అసలు పేరు కూడా నానూక్ కాదు, అల్లాకరియాల్లక్. అప్పటికే తుపాకులతో వేటాడుతున్న మనుషుల చేత ఈటెలు పట్టించారు. గ్రామఫోన్ రికార్డుని పంటితో కొరికించారు, అతనికి గ్రామఫోన్ అంటే ఏంటో తెలిసి కూడా. నాకు ఈ రికార్డు సీన్ చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

ఇప్పుడు ఇగ్లూలిక్ వెళ్దాం. ఆర్కిటిక్‌లో ఇనుయిట్ వాళ్లు ఉండే ఒక చిన్న దీవి ఊరు. 1975లో ఒకసారి, 1979లో ఇంకోసారి ఆ ఊరివాళ్లు ఓటేసి మరీ టీవీ వద్దన్నారు! ఎందుకంటే అందులో తమ భాష ఇనుక్టిటుట్ లేదు, పిల్లలు ఇంగ్లీష్ చూస్తూ పెరిగితే భాష పోతుందని భయం. అదే ఊరి జకరియాస్ కునుక్ రాతి బొమ్మలు చెక్కి అమ్మేవాడు, 1981లో మాంట్రియల్ వెళ్లి బొమ్మలు అమ్మిన డబ్బుతో వీడియో కెమెరా కొనుక్కొచ్చాడు. 1990లో ఫ్రెండ్స్‌తో కలిసి ఇసుమా అనే కంపెనీ పెట్టాడు, ఇసుమా అంటే వాళ్ల భాషలో ఆలోచించడం.

ఆ కంపెనీ తీసిందే 2001లో వచ్చిన "అటానార్జువాట్". తరతరాలుగా నోటితో చెప్పుకుంటూ వచ్చిన కథ అది, ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరు చెప్పింది రికార్డు చేసి స్క్రిప్ట్ రాశారు. రాసిన పాల్ అపాక్ సినిమా పూర్తవకముందే 1998లో చనిపోయాడు, పాపం. బట్టలు, సామాన్లు అన్నీ ఊరివాళ్లే పాత పద్ధతిలో తోళ్లతో, ఎముకలతో చేశారు.

సినిమా 172 నిమిషాలు, మొదటి అరగంట ఎవరు ఎవరో అర్థం కాదు, నాక్కూడా కాలేదు. మీకోసం ఆగి వివరించరు, అదే నాకు భలే నచ్చింది. ఇక ఆ పరుగు సీన్! గుడారంలో నిద్రపోతున్న అన్నదమ్ముల మీద శత్రువులు ఈటెలతో పడతారు, అన్న అక్కడే పోతాడు, తమ్ముడు అటానార్జువాట్ ఒంటి మీద నూలుపోగు లేకుండా గడ్డకట్టిన సముద్రం మీద పరిగెత్తుతాడు, పాదాలు చీరుకుపోయి మంచు మీద రక్తం, వెనకాల ముగ్గురు తరుముతుంటారు.

ఇంకోటి, పాత కథలో అతను తిరిగొచ్చి శత్రువుల్ని చంపేస్తాడు. సినిమాలో మాత్రం దెబ్బ తల మీద కాదు, పక్కన మంచు మీద కొడతాడు, చంపుకోవడం ఇక్కడితో ఆపేద్దాం అంటాడు. వాళ్ల కథ కాబట్టి మార్చే హక్కు కూడా వాళ్లదే.

కేన్స్‌లో డైరెక్టర్ల మొదటి సినిమాకిచ్చే కెమెరా దోర్ అవార్డు దీనికే వచ్చింది. 2015లో టొరంటో ఫెస్టివల్ పోల్‌లో కెనడా సినిమాలన్నిట్లో నంబర్ వన్ అయింది.

న్యూజీలాండ్‌లో మావోరీ, అంటే అక్కడి మూలవాసి, డైరెక్టర్ బ్యారీ బార్‌క్లే మూలవాసులు తమ కథ తామే తీసుకునే ఇలాంటి సినిమాలకి ఫోర్త్ సినిమా అని పేరు పెట్టాడు. ఇన్నాళ్లూ కెమెరా బయటి నుంచి వచ్చిన తెల్లవాళ్ల ఓడ మీద ఉంది, అది ఒడ్డున ఉన్నవాళ్ల చేతికొస్తే ఏం కనిపిస్తుంది, అదీ ఆయన ప్రశ్న.

"అటానార్జువాట్" చూస్తే ఎండ్ టైటిల్స్ వస్తున్నాయని ఆపేయకండి. అక్కడ షూటింగ్ క్లిప్స్ వేశారు, మందపాటి జాకెట్లు వేసుకున్న యూనిట్ వాళ్లు, మంచు మీద స్లెడ్జ్ బండి, దాని మీద కెమెరా. 1922 సినిమాలో కెమెరా వెనక ఎవరున్నారో దాచేశారు, ఇక్కడ వాళ్లే తిప్పి చూపించారు.