ధ్రువ సముద్రంలో బిందెల వరుస

సభకి నమస్కారం.

ముందు ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులు చూడండి. రెండిట్లోనూ మన విజయవాడ కుళాయి నీళ్లే. కుడి పక్క గ్లాసులో మాత్రం నాలుగు చెంచాల ఉప్పు కలిపాను. ఇప్పుడు నీలం సిరా కలిపి గడ్డకట్టించిన ఐసు ముక్కలు చెరొకటి వేస్తున్నాను. ఏది ముందు కరుగుతుందో మనసులో అనుకోండి. ఉప్పు గ్లాసే అనేవాళ్లు ఎక్కువ మంది ఉంటారు, ఐసు మీద ఉప్పు చల్లితే కరుగుతుందని అందరికీ తెలుసు కదా. సరే, మనం మాట్లాడుకునే లోపు వాటి పని అవి చేసుకుంటాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండలో మీరంతా మైనస్ 42 డిగ్రీల చలి గురించి వినడానికి వచ్చారు. ఫ్యాన్లు తిరిగినంతసేపూ నాకే ఇబ్బందీ లేదు.

2019 సెప్టెంబరు 20న నార్వేలోని ట్రోమ్సో రేవు నుంచి పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ పరిశోధన ఓడ బయలుదేరింది. ఈ యాత్ర పేరు మొజాయిక్. అక్టోబరు 4న ఆర్కిటిక్ మహాసముద్రంలో ఒక పెద్ద మంచు పలకను చూసుకుని, దానికి ఓడను కట్టేశారు. ఇక నడపడం లేదు, మంచు ఎటు పోతే ఓడా అటే. 2020 ఫిబ్రవరిలో, సూర్యుడే కనబడని రోజుల్లో, ఉత్తర ధ్రువానికి 156 కిలోమీటర్ల దూరం దాకా అలా కొట్టుకుపోయింది. విడతలు విడతలుగా మొత్తం 442 మంది అందులో ఉండి వచ్చారు. మధ్యలో కరోనా వచ్చిపడింది. మనుషులు మారడానికి విమానాల్లేక, ఆ మంచు పలకను వదిలి ఓడే నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. అక్టోబరు 12న ఇంటికి చేరింది.

కోరి మంచులో ఇరుక్కోవడం ఎందుకు? వేసవిలో ఆ సముద్రానికి వెళ్లి కొలతలు తీసిన ఓడలు చాలానే ఉన్నాయి. చలికాలంలో నడిమధ్యకు చొచ్చుకుపోవడం మంచు పగలగొట్టే ఓడలకు కూడా కష్టం. అందుకని శీతాకాలం కొలతలు బహు తక్కువ. ఆరు నెలల హాజరు పట్టీ లేకుండా ఒక కుర్రాడు ఏడాదంతా ఎలా చదివాడో చెప్పమంటే నేనేం చెప్పగలను?

ఈ ఉపాయం పాతదే. 1881లో జానెట్ అనే అమెరికన్ ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్లకి దాని సామాన్లు కొన్ని, ఒక నావికుడి పేరు రాసి ఉన్న ప్యాంటుతో సహా, ఎక్కడో గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో తేలాయి. ప్యాంటు వచ్చిన దారిన ఓడ రాలేదా అనుకున్నాడు నార్వే శాస్త్రవేత్త నాన్సెన్. మంచు నొక్కితే నలగకుండా పైకి లేచేలా గుండ్రటి పొట్టతో ఫ్రామ్ అనే ఓడ కట్టించి 1893లో బయలుదేరాడు. ఫ్రామ్ 1896 ఆగస్టులో మంచులోంచి బయటపడింది. అక్కడ లోతు పెద్దగా ఉండదనుకుని తీసుకెళ్లిన తాడు అడుగుకి అందలేదు. ఓడలోనే ఉన్న ఉక్కు తాడు పేటలు విప్పి, వాటితో పొడవాటి తాడు పేని దించారు. లోతు 3,000 మీటర్లు దాటింది! పరికరం లేదని చేతులు ముడుచుకుని కూర్చునే పిల్లలకి నేను చెప్పే కథ ఇదే.

మంచులో చిక్కకముందే వాళ్లకి ఇంకో వింత ఎదురైంది. సైబీరియా తీరం వెంట వెళ్తుంటే, ఇంజను పూర్తి జోరులో ఉన్నా ఓడ కదలనంటోంది, ఎవరో అడుగు పట్టుకుని లాగుతున్నట్టు. నావికులు దాన్ని చచ్చిన నీళ్లంటారు. అక్కడ పైన పల్చగా మంచినీళ్లు, కింద బరువైన ఉప్పునీళ్లు. ఓడ బలమంతా ఆ రెండు పొరల మధ్య పైకి కనిపించని అలలు లేపడానికే సరిపోతోందని 1904లో ఎక్మన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త తొట్టెలో ప్రయోగాలు చేసి చూపించాడు.

పొరలు మనకేం కొత్త కాదు. హంసలదీవి దగ్గర మన కృష్ణమ్మ కలిసే బంగాళాఖాతంలో కూడా నదుల నీళ్లు పైపైనే పరుచుకుంటాయి. ఆర్కిటిక్‌లో ఇది మరీ ఎక్కువ. ప్రపంచ సముద్రాల నీళ్లలో దాని వాటా సుమారు ఒక శాతం. సముద్రాల్లోకి వచ్చే నదుల నీళ్లలో మాత్రం దాదాపు పది శాతం దానికే పోతుంది. ఓబ్, యెనిసీ, లీనా, అన్నీ అందులోకే. ఆ మంచినీటి పొర కింద అట్లాంటిక్ నుంచి వచ్చిన వేడి నీళ్లున్నాయి. వేడి అంటే మనం స్నానం చేసే వేడి కాదు, సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైన. మంచుకి అదే కొలిమి. పై పొర అడ్డంగా ఉంది కాబట్టి ఆ వేడి మంచుని చేరడం లేదు.

ఇక నేను చెప్పాలని వచ్చిన సంగతి. ఇలాంటి యాత్రలో అన్ని శాస్త్రాల వాళ్లూ ఒకే ఓడలో ఎందుకుండాలి? జవాబు ఒక ఇనుప చట్రం చుట్టూ కనిపిస్తుంది. ఆ చట్రానికి గుండ్రంగా 24 గొట్టాలు బిగించి ఉంటాయి. రెండు మూతలూ తెరిచి మంచు కన్నంలోంచి వేల మీటర్లు దించుతారు. పైకి లాగేటప్పుడు కావలసిన లోతులో ఒక్కో గొట్టం మూత పడేలా చేస్తారు. నీళ్లు మైనస్ 1.8 డిగ్రీలు, బయట గాలి మైనస్ 30. కన్నంలోంచి ఆవిరి లేస్తుంటుంది. గబగబా వెచ్చటి చోటికి చేర్చకపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి.

అప్పుడు మొదలవుతుంది వరుస. ఎండాకాలం మునిసిపల్ కుళాయి దగ్గర బిందెల వరుస గుర్తుతెచ్చుకోండి, అచ్చం అదే. తేడా ఏమిటంటే ఇక్కడ ముందు వచ్చిన వాళ్లు కాదు, ఎవరి నీళ్లు ముందు పాడవుతాయో వాళ్లు ముందు. మొదట వాయువులు కొలిచేవాళ్లు, ఆక్సిజన్ వాళ్లు. తర్వాత కార్బన్ వాళ్లు, ఆ తర్వాత నైట్రేటు, ఫాస్ఫేటు వాళ్లు. ఉప్పు కొలిచేవాళ్లు చిట్టచివర, ఉప్పు ఎక్కడికీ పోదు కదా.

ఆక్సిజన్ సంగతి నాకు బాగా తెలుసు, ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఒకసారి నా విద్యార్థులు బందరు కాలువ నీళ్లు సీసాలో సగం పట్టి, స్కూటర్ మీద ఊగించుకుంటూ తెచ్చారు. కొలిస్తే ఆ మురికి కాలువలో ఆక్సిజన్ కొండవాగులో ఉన్నంత వచ్చింది! దారి పొడుగునా సీసాలోని గాలి నీళ్లలో కలిసిందన్నమాట. పోలార్‌స్టెర్న్ లాంటి ఓడల్లోనూ ట్యూబు సీసా అడుగుదాకా దించి, నీళ్లు పొర్లి పోయేదాకా పట్టి, ఒక్క బుడగ లేకుండా బిరడా పెడతారు. తర్వాత చేసేది నీళ్లలో కలిసిన ఆక్సిజన్ కొలిచే 1888 నాటి వింక్లర్ పద్ధతే. గోధుమ రంగు మడ్డి, ఆమ్లం పోస్తే పసుపు, గంజి చుక్కతో నీలం, బ్యూరెట్‌లోంచి చుక్క చుక్కా పడుతుంటే ఆ నీలం చటుక్కున మాయం. డిగ్రీ ల్యాబ్‌లో మీరు విసుక్కుంటూ చేసిందే. ఎంత ఖరీదైన సెన్సార్ పెట్టినా, దాని లెక్క సరిచూడటానికి ఇప్పటికీ ఈ బ్యూరెట్టే దిక్కు.

ఒకే గొట్టం నీళ్లు ఇంతమంది పంచుకున్నప్పుడే ఒకరి లెక్క ఇంకొకరికి పనికొస్తుంది. మొజాయిక్‌లో మార్చి నెలాఖరుకే, దాదాపు కటిక చీకట్లో, మంచు కింద సూక్ష్మమైన నాచు పెరగడం మొదలైందని తేలింది. నాచు చూసేవాళ్లూ, మంచు కిందికి చేరే వెలుగు కొలిచేవాళ్లూ ఒకే మంచు పలక మీద ఉండబట్టే ఆ మాట ధీమాగా చెప్పగలిగారు.

మనవాళ్ల కొలతలూ అక్కడ ఉన్నాయి. 2008లో స్వాల్‌బార్డ్‌లోని నీ-ఒలసన్‌లో హిమాద్రి అనే భారత పరిశోధన కేంద్రం పెట్టారు. 2014లో దాని పక్కనున్న కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో, 192 మీటర్ల లోతు చోట, ఇండార్క్ అనే పరికరాల తాడు దించారు. దాని తయారీలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల చెయ్యి కూడా ఉంది. అట్లాంటిక్ వేడి నీళ్లు ఆ ఇరుకు సముద్రపు పాయలోకి ఎంత చొరబడుతున్నాయో అది చెప్తుంది.

ఇప్పుడు గ్లాసులు చూద్దాం. ముందు వరుసలో కూర్చున్న పాపా, ఇలా రామ్మా. ఉప్పు లేని గ్లాసులో ముక్క ఏదీ? అయిపోయింది. నీలం రంగు అడుగుదాకా కలిసిపోయింది చూడు. కరిగిన చల్లటి నీళ్లు కిందికి దిగాయి, వెచ్చటి నీళ్లు పైకొచ్చి ముక్కని కరిగించేశాయి. ఉప్పు గ్లాసులో ఇంకా గోలీకాయంత మిగిలింది. కరిగిన నీళ్లు తేలిక, ఉప్పునీళ్ల మీదే నీలం పొరలా నిలబడి ముక్కకి కాపలా కాస్తున్నాయి. ఆర్కిటిక్‌లో నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం ఉత్తర భాగంలో ఇప్పుడు పల్చబడుతున్నది ఈ నీలం పొరే. ఉత్తరం నుంచి కొట్టుకొచ్చే మంచు తగ్గింది, అది కరిగి ఇచ్చే మంచినీళ్లు తగ్గాయి, అడుగునున్న వేడికి దారి దొరుకుతోంది.

పాపా, చెంచాతో ఆ పై పొరని నెమ్మదిగా కలుపు. మిగతావాళ్లు కూడా దగ్గరికొచ్చి చూడండి. గోలీకాయ ఎంతసేపు నిలుస్తుందో చూస్తూ ప్రశ్నలు అడగండి.