ఇంటిపేరు వేరు, ఉద్యోగం వేరు: ఇంగ్లీషు పదబంధాల సంగతి

అందరికీ నమస్కారం.

భోజనాలయ్యాక గ్రామర్ క్లాసు పెట్టారు కాబట్టి ఒక మాట ముందే చెప్తాను. నిద్రొస్తే మొహమాటపడకండి. ముప్పై ఏళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, నాకది అలవాటే.

ఫ్రేజ్ అనగానే మన పిల్లలు గైడు చివరి పేజీలు తిప్పుతారు. 'ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్' అని అక్కడొక జాబితా ఉంటుంది. 'కిక్ ది బకెట్' అంటే చనిపోవడం, అలాంటివన్నమాట. వాటిని మనం తెలుగులో జాతీయాలంటాం, బట్టీ పట్టక తప్పదు. ఇవాళ్టి సంగతి అది కాదు. వాక్యంలో కొన్ని మాటలు జట్టు కట్టి, ఒకే మాటలాగా కదులుతాయి. ఆ జట్టు గురించి మాట్లాడదాం. పదబంధం అన్నా సరే, ఫ్రేజ్ అన్నా సరే.

జట్టు కట్టాయని ఎలా తెలుస్తుంది? ఈ వాక్యం చూడండి: 'ది ఓల్డ్ మ్యాన్ నియర్ ది బస్ స్టాండ్ సెల్స్ టీ.' బస్టాండు దగ్గరి ముసలాయన టీ అమ్ముతాడు. ఇందులో 'హీ' పెట్టమంటే ఏ పిల్లవాడైనా 'హీ సెల్స్ టీ' అంటాడు. 'ది ఓల్డ్ హీ నియర్ ది బస్ స్టాండ్' అని ఎవరూ అనరు. అంటే 'హీ' కూర్చున్నది 'మ్యాన్' అనే ఒక్క మాట సీట్లో కాదు, ఏడు మాటల బెంచీ మొత్తం ఆక్రమించింది. నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం అని మనం ఆరో తరగతి నుంచీ చెప్తూ వస్తున్నాం. అసలు చెప్పాల్సింది నామపదబంధానికి బదులుగా అని. నేనూ చాలా ఏళ్ళు పాత మాటే చెప్పాను, ఏం దాచుకోను.

ఇంకో సాక్ష్యం కావాలా? 'ది కింగ్ ఆఫ్ ఇంగ్లండ్స్ క్రౌన్' అంటారు. అపాస్ట్రఫీ ఎస్ తగిలించింది ఇంగ్లండ్‌కి, కిరీటం మాత్రం రాజుది. ఆ ఎస్ మొత్తం జట్టుకు తగిలిందన్నమాట, చివర నిలబడిన మాటకు కాదు.

జట్టు అన్నాక పెద్ద ఒకరుంటారు. దాన్నే హెడ్ అంటారు. పెద్దను బట్టే పదబంధానికి ఇంటిపేరు వస్తుంది. పెద్ద నామవాచకమైతే నౌన్ ఫ్రేజ్, క్రియ అయితే వెర్బ్ ఫ్రేజ్. 'ఫాండ్ ఆఫ్ స్వీట్స్'లో పెద్ద 'ఫాండ్', అది విశేషణం, కాబట్టి అడ్జెక్టివ్ ఫ్రేజ్. 'వెరీ స్లోలీ' అడ్వర్బ్ ఫ్రేజ్. 'ఆన్ ది టేబుల్'లో పెద్ద 'ఆన్', కాబట్టి ప్రిపొజిషనల్ ఫ్రేజ్. ఈ అయిదు కుటుంబాలు తెలిస్తే చాలావరకు దారి దొరుకుతుంది.

పెద్దను పట్టుకోవడం వల్ల వెంటనే ఒక లాభముంది. పోటీ పరీక్షల్లో 'ది క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్' ఇచ్చి 'ఈజ్' పెట్టాలా 'ఆర్' పెట్టాలా అంటారు. పిల్లవాడికి దగ్గర్లో 'మ్యాంగోస్' కనిపిస్తుంది, 'ఆర్' కొట్టేస్తాడు. ఇక్కడ పెద్ద 'క్వాలిటీ'. మామిడిపళ్ళు బుట్టెడున్నా క్వాలిటీ ఒక్కటే, కాబట్టి 'ఈజ్'. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' దగ్గర జరిగేదీ ఇదే.

ఇక నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. 'ది బుక్ ఆన్ ది టేబుల్ ఈజ్ మైన్' అని వాక్యమిచ్చి 'ఆన్ ది టేబుల్' ఏ రకం ఫ్రేజో రాయమన్నారు. కీలో ఉన్నది అడ్జెక్టివ్ ఫ్రేజ్. ఒక పిల్ల ప్రిపొజిషనల్ ఫ్రేజ్ అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను, ఒక మార్కు పోయింది. తర్వాత తెలిసొచ్చింది, ఆ పిల్ల రాసిందీ కరెక్టేనని.

ఎందుకంటే రెండు పద్ధతులున్నాయి. 1930లలో వచ్చి మన బడుల్లో పాతుకుపోయిన రెన్ అండ్ మార్టిన్ లాంటి పుస్తకాలు చేసే పనిని బట్టి పేరు పెడతాయి. 'ఆన్ ది టేబుల్' ఇక్కడ ఏ పుస్తకమో చెప్తోంది, అంటే విశేషణం పని చేస్తోంది, కాబట్టి దానికి అడ్జెక్టివ్ ఫ్రేజ్ అని పేరు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జ్ గ్రామర్ లాంటివి పెద్దను బట్టి పేరు పెడతాయి. వాటి లెక్కలో అది ప్రిపొజిషనల్ ఫ్రేజే, ఏ పని చేసినా సరే. ఒకటి ఉద్యోగం, ఇంకొకటి ఇంటిపేరు. పోస్టుమాస్టరు గారిని ఇంటిపేరుతో పిలిచినా, పోస్టుమాస్టరు గారూ అని పిలిచినా పలికేది ఆయనే కదా. పిల్లల టెన్షన్ అంతా ఈ రెండూ ఒకే డబ్బాలో వేసి కలిపేయడం వల్ల వస్తోంది. నన్నడిగితే ముందు ఇంటిపేరు నేర్పాలి. ఇంటిపేరు మారదు, ఉద్యోగం వాక్యం వాక్యానికీ మారుతుంది.

ఎలా మారుతుందో చూడండి. 'ఐ కెప్ట్ ది బుక్ ఆన్ ది టేబుల్.' అవే మూడు మాటలు, ఇప్పుడు ఎక్కడ పెట్టానో చెప్తున్నాయి. పాత పుస్తకం లెక్కన ఇప్పుడది అడ్వర్బ్ ఫ్రేజ్. ఇక్కడ మన భాష ఎంత సాయం చేస్తుందో గమనించండి. మొదటి వాక్యం తెలుగులో 'బల్ల మీద ఉన్న పుస్తకం నాది'. రెండోది 'పుస్తకం బల్ల మీద పెట్టాను'. తెలుగు చేస్తే 'ఉన్న' అనే మాటో 'బల్ల మీది'లాంటి రూపమో వచ్చిందంటే అది విశేషణం పని. రాలేదంటే క్రియకు సంబంధించిన పని. ఈ చిట్కా ఏ ఇంగ్లీషువాడికీ తెలియదు, మనకు పుట్టుకతో వచ్చింది.

దీంతో పెద్ద చిక్కులు కూడా విడిపోతాయి. 'ది పోలీస్‌మ్యాన్ హిట్ ది థీఫ్ విత్ ది స్టిక్.' కర్ర ఎవరి చేతిలో ఉంది? ఇంగ్లీషు చెప్పదు. 'విత్ ది స్టిక్' దొంగ జట్టులో ఉందా, కొట్టడం జట్టులో ఉందా అన్నది కంటికి కనపడదు. తెలుగులో పోలీసు దొంగను కర్రతో కొట్టాడు, లేకపోతే కర్ర ఉన్న దొంగను కొట్టాడు. రెండు వాక్యాలు, తగాదా లేదు. వాక్యమంటే పూసల దండలా మాటల వరుస కాదు, పెట్టెలో పెట్టెలా జట్టులో జట్టు అని 1957లో అమెరికా భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ సూత్రాలు కట్టి చూపించాడు. మాటలు అవే, వరుస అదే, పెట్టెలు సర్దిన తీరే మారింది. అందుకే అర్థం రెండయింది.

నౌన్ ఫ్రేజ్‌లో మనవాళ్ళు తడబడేది ఒకే చోట. 'దోజ్ టూ బిగ్ మ్యాంగోస్', ఆ రెండు పెద్ద మామిడిపళ్ళు. మాటకు మాట సరిపోయింది. జట్టు పెద్ద, అంటే హెడ్, వచ్చేదాకా రెండు భాషలూ ఒకే రోడ్డు మీద నడుస్తాయి. పెద్ద దాటాక ఇంగ్లీషులో ఇంకా సరుకుంటుంది, తెలుగులో ఉండదు. 'గేటు దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతున్న అమ్మాయి' అంటాం మనం. అమ్మాయి కోసం చివరిదాకా ఆగాలి. ఇంగ్లీషులో ముందే 'ది గర్ల్' వచ్చేస్తుంది, మిగతాదంతా వెనకాల వరసగా: 'స్టాండింగ్ నియర్ ది గేట్ అండ్ టాకింగ్ ఆన్ ది ఫోన్'. ఒక్క మాటైతే సాధారణంగా ముందు, మూటైతే వెనక. ఇదొక్కటి పలకల మీద నెల రోజులు రాయించండి.

వెర్బ్ ఫ్రేజ్ దగ్గర ఇంకా సరదా. 'హీ మైట్ హావ్ బీన్ ఈటింగ్.' పిల్లలు దీన్ని చూసి హడలిపోతారు. తెలుగు చెయ్యండి: 'తింటూ ఉండి ఉండవచ్చు'. ఇప్పుడు వెనక నుంచి చదవండి. 'వచ్చు' అంటే మైట్, 'ఉండ' అంటే హావ్, 'ఉండి' అంటే బీన్, 'తింటూ' అంటే ఈటింగ్. అద్దంలో బొమ్మలాగా సరిగ్గా తిరగబడింది! ఇది మొదట గమనించిన రోజు స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను, లెక్కల మాస్టారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఒక హెచ్చరిక: ఇలా సహాయక క్రియలు, అసలు క్రియ మాత్రమే కలిపి వెర్బ్ ఫ్రేజ్ అంటాయి మన బడి పుస్తకాలు. భాషాశాస్త్రం వాళ్ళు కర్మను కూడా లోపల వేసుకుంటారు. గొడవ పడకండి, ఏ పుస్తకం చదువుతుంటే ఆ లెక్క.

ఇక పుస్తకాల్లో జెరండ్ ఫ్రేజ్, ఇన్ఫినిటివ్ ఫ్రేజ్, పార్టిసిపుల్ ఫ్రేజ్ అని మూడు కనపడతాయి. మొదటి రెండూ పెద్దగా బాధ పెట్టవు. 'స్విమ్మింగ్ ఇన్ ది రివర్' అంటే ఏట్లో ఈదడం, 'టు బై రైస్' అంటే బియ్యం కొనడానికి. బాధంతా మూడోదానితోనే.

'వాకింగ్ అలాంగ్ ది రోడ్, ఎ డాగ్ బిట్ మీ' అని రాస్తారు మనవాళ్ళు. డిగ్రీ చదివినవాళ్ళూ రాస్తారు. నడిచింది ఎవరు? ఇంగ్లీషు లెక్కలో కుక్క. నిజమే, కుక్కా నడుస్తుంది, కానీ మనం చెప్పాలనుకున్నది అది కాదు. ఈ తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో మన తెలుగు వ్యాకరణంలోనే ఉంది. మనం మనసులో అనుకునేది 'రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది' అని. తే, టే అని ముగిసే రూపానికి వేరే కర్త ఉన్నా పర్వాలేదు. నడిచేది నేను, కరిచేది కుక్క. ఇంగ్లీషు ఐఎన్‌జీ మాత్రం మన శత్రర్థకం లాంటిది, 'నడుస్తూ'. 'రోడ్డు మీద నడుస్తూ కుక్క నన్ను కరిచింది' అనండి, క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వే పాఠం. ఐఎన్‌జీతో వాక్యం మొదలుపెట్టిన ప్రతిసారీ దాన్ని 'తూ' అని తెలుగు చేసుకోవాలి, నవ్వొచ్చిందంటే కొట్టేయాలి. మనసులో 'తుంటే' ఉంటే ఇంగ్లీషులో 'వైల్ ఐ వజ్ వాకింగ్' అని కర్తతో సహా రాసుకోవాలి. అప్పుడది ఫ్రేజ్ కాదు, క్లాజ్ అవుతుంది, కర్తా క్రియా రెండూ వచ్చి చేరాయి కాబట్టి. 'హ్యావింగ్ ఈటెన్' సంగతీ అంతే, అది మన 'తిని', క్త్వార్థకం. తిన్నవాడూ తర్వాతి పని చేసేవాడూ ఒకడే కావాలి. 'అన్నం తిని బస్సు వెళ్ళిపోయింది' అంటే ఊరుకుంటామా?

టీ వచ్చినట్టుంది. తాగుతూ ఒక పని చేయండి. బోర్డు మీద వాక్యం రాశాను: 'ది హెడ్‌మాస్టర్ కాల్డ్ ది బాయ్ ఫ్రమ్ ది సెకండ్ ఫ్లోర్.' దీన్ని రెండు రకాలుగా తెలుగు చేయాలి. రెండో అంతస్తులో ఉన్నది ఎవరో ఒక్కోదాంట్లో విడిగా తెలియాలి. కాగితాల మీద పేర్లు రాయనక్కర్లేదు.